బుట్ట ఎత్తే చెయ్యి

“ఆ బుట్ట నేనెత్తను. ఇంకెవరినైనా చూసుకో,” అన్నాడు త్రిమూర్తులు.

రామలక్ష్మి తలుపు సందులోంచి బయటికి చూసింది. రాజమండ్రి కల్యాణమండపం నిండా జనం. పక్కగదిలో కూతురు దేవిశ్రీ గౌరీపూజ ముగించి, మావయ్య వచ్చి బుట్టలో ఎప్పుడు కూర్చోబెడతాడా అని చూస్తోంది. పీటల దగ్గర పంతులుగారు మైకు వదలడం లేదు. “పెళ్ళికూతుర్ని తీసుకురావాలండీ! మేనమామగారెక్కడండీ?”

మేనమామగారు సామాన్ల గదిలో ఉన్నారు. అరటి గెలలకీ కూల్‌డ్రింకు కేసులకీ మధ్య మొహం ముటముటలాడించుకుంటూ నిలబడి ఉన్నారు.

“ఏంటన్నయ్యా, ఈ వేళప్పుడు అలకలేంటి? వదినకి ఎవరైనా మర్యాద తక్కువ చేశారా?”

“నా దగ్గర నాటకాలాడకు లక్ష్మీ. దేవి నీ కడుపున పుట్టిన పిల్ల కాదట కదా?”

రామలక్ష్మి గబుక్కున తలుపు దగ్గరగా వేసింది. తనకీ, భర్త గణేష్‌బాబుకీ, తల్లి పాపాయమ్మకీ తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదనుకున్న సంగతి అది.

“ఎవరు చెప్పారు?”

“ఎవరో కాకినాడ నుంచి వచ్చిన ముసలి నర్సమ్మ. టిఫిన్ల దగ్గర అమ్మని గుర్తుపట్టి, ‘బాగున్నారా అండీ? ఆ రోజు ఆసుపత్రిలో కన్నతల్లి వదిలేసి పోతే మీ చేతుల్లో పెట్టిన పసిగుడ్డేనా అండీ ఈ పెళ్ళికూతురు?’ అంది. ఉప్మా ప్లేటు పట్టుకుని నేను అమ్మ వెనకాలే ఉన్నాను.”

మన గోదావరి వాళ్ళ మర్యాదే మర్యాద. కొంప ముంచే మాట కూడా ‘అండీ’ తగిలించి మరీ అడుగుతారు.

“నేను మస్కట్‌లో ఉంటే ‘మేనకోడలు పుట్టింది’ అని ఫోన్ చేశారు. పిచ్చివాడిలా క్యాంపంతా స్వీట్లు పంచాను!” త్రిమూర్తులు అరటి గెలల వైపు మొహం తిప్పుకున్నాడు. అంతలోనే మళ్ళీ చెల్లెలి వైపు తిరిగాడు. “మేనమామ బుట్ట ఎత్తడమంటే ఆటా? రక్తసంబంధం ఉండాలి. మన రక్తం కాని పిల్ల బుట్ట మీద నేను చెయ్యి వెయ్యను. ఎందుకెత్తలేదని ఎవరైనా అడిగితే ఉన్న మాట చెప్పేస్తాను. మైకులో అడిగితే మైకులోనే చెప్తాను.”

“దానికి తెలీదన్నయ్యా! నీ కాళ్ళు పట్టుకుంటాను. చెప్పాల్సిన దాన్ని నేను. పక్కన కూర్చోబెట్టుకుని నా నోటితో చెప్పుకోవాలి. ఇలా ఇంతమంది ముందు కాదు.”

“ఆ పని ఎప్పుడో చెయ్యాల్సింది.”

అన్నయ్య కోపంలో అన్నా ఆ మాట నిజమేనని రామలక్ష్మికి తెలుసు. అందుకే ఏడుపు ఆగలేదు.

తలుపు తోసుకుని పాపాయమ్మ లోపలికి వచ్చింది. కొడుకు మొహం చూసింది, కూతురి కళ్ళు చూసింది. ఏం జరిగిందో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

“లక్ష్మీ, నువ్వు బయటికి వెళ్ళు. వీడితో నేను మాట్లాడతాను.”

“అమ్మా, అన్నయ్య...”

“వెళ్ళమన్నానా!”

లోపల గడియ పడింది. రామలక్ష్మి తలుపుకి చెవి ఆనించింది. సరిగ్గా అప్పుడే సన్నాయి మేళం వాళ్ళకి హుషారొచ్చింది. తల్లి గొంతు గుసగుసలా కూడా వినపడలేదు. ఒక్కసారి మాత్రం “అబద్ధం!” అని అన్నయ్య అరిచాడు. ఆ తర్వాత ఏ అలికిడీ లేదు.

“అమ్మా, మావయ్య ఏడీ? కాళ్ళు తిమ్మిరెక్కాయి!” పక్కగదిలోంచి దేవిశ్రీ కేకేసింది.

“వస్తున్నాడమ్మా,” అంది రామలక్ష్మి. ఆ మాట తనే నమ్మలేదు.

గడియ తీసిన చప్పుడైంది. త్రిమూర్తులు కండువాతో మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెల్లెలి వైపు చూడకుండా తిన్నగా పెళ్ళికూతురి గదిలోకి నడిచాడు. ఏమంటాడో, ఎవరి ముందు అంటాడో అని రామలక్ష్మి పరుగున వెనకాలే వెళ్ళింది.

“ఏంటి మావయ్యా ఇంత లేటు? నేను బరువని భయపడ్డావా?” దేవిశ్రీ నవ్వింది.

త్రిమూర్తులు ఆ పిల్లని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు అలా చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తల మీద చెయ్యి వేశాడు.

“చంటిపిల్లప్పుడు నిన్ను ఎత్తుకోలేకపోయానే. మస్కట్‌లో ఉండిపోయాను. ఇవాళ నేనొక్కణ్ణే ఎత్తుతాను. ఎవరూ చెయ్యి వెయ్యకండి!”

ఉత్సాహం ఉత్సాహమే, నడుం నడుమే. బుట్ట రెండడుగులైనా కదలకముందే ‘అబ్బా’ అన్నాడు. చుట్టాల కుర్రాళ్ళు నవ్వుతూ తలో చెయ్యీ వేశారు. అయినా ముందు పట్టుకున్న చెయ్యి మాత్రం మండపం దాకా వదల్లేదు. దించాక కూడా పెళ్ళికూతురి పూలజడ తనే సర్దాడు.

జీలకర్ర బెల్లం పెట్టించారు. అక్షింతలు పడ్డాయి. రామలక్ష్మికి ఊపిరి ఆడింది. రేపే కూతురికి అన్నీ చెప్పెయ్యాలని అక్కడే గట్టిగా అనుకుంది. ఇక భయపడే ఓపిక ఆమెకి లేదు.

అన్నయ్య ఓ స్తంభం పక్కన ఒంటరిగా నిలబడి, పీటల మీదున్న దేవిశ్రీనే చూస్తున్నాడు. రామలక్ష్మి దగ్గరికి వెళ్ళింది.

“అన్నయ్యా, అమ్మ నీకేం చెప్పింది?”

త్రిమూర్తులు చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు కోరుకొండ తిరునాళ్ళలో తప్పిపోకుండా పట్టుకున్నంత గట్టిగా పట్టుకున్నాడు. 

“నువ్వు పుట్టకముందు కూడా అమ్మ ఓసారి ఆ కాకినాడ ఆసుపత్రికి వెళ్ళిందట లక్ష్మీ... నన్ను తెచ్చుకోడానికి.”