కాలు విరిచిందెవరు?

"ముట్టుకోకండి మేడం!"

కూతురు సత్యశ్రీ కేకకి వీరబ్రహ్మం ఒక అడుగు ముందుకేశాడు. నిడదవోలు ఆసుపత్రి బల్ల మీద పదో తరగతి పిల్ల పెదవి కొరుక్కుంటోంది. తెల్లారుజామున పరిగెడుతూ సిమెంటు రోడ్డు మీద కూలబడిపోయింది. శనివారం జిల్లా సెలక్షన్లు. నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు.

డాక్టర్ దేవకుమారి ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూసింది.

"మోకాలి కింది ఎముకలో సన్నటి చీలికండి. ఇవాళ్టిది కాదు. రోజూ గట్టి నేల మీద పరిగెడితే లేత ఎముక ఇలాగే చిట్లుతుంది. నొప్పి మొదలైనప్పుడే ఆపాల్సింది."

"శనివారం పరుగుందండి..." అన్నాడు వీరబ్రహ్మం.

"ఈ ఏటికి మర్చిపోండి. అసలు పిల్లని రోడ్డు మీద పరిగెత్తించిందెవరు?"

వీరబ్రహ్మం రక్తం మరిగింది. కోతలైన దగ్గర్నుంచి రాత్రీ పగలూ ఆరబోసిన వడ్ల దగ్గరే కాపలా. మేకల్నీ పిల్లమూకనీ అదిలించి గొంతు బొంగురుపోయింది. ఇంట్లో ఎవరు ఎప్పుడు లేస్తున్నారో కూడా తెలీదు. కబురందగానే ఒంటికంటిన వడ్ల నూగు కడుక్కోకుండా వచ్చేశాడు. ఈ వడ్లమ్మాక బూట్లు కొంటానని కూతురికి మాటిచ్చాడు. ఎవడో కావాలనే చేశాడు!

విసురుగా వరండాలోకొచ్చాడు. బళ్ళో ఆటలు నేర్పే పీఈటీ రాజరత్నం గోడకి ఆనుకుని ఉన్నాడు.

"ఏం మాస్టారూ! నా పిల్లని రోడ్డెక్కించింది మీరేనా?"

"అయ్యో, కాదండి. రోడ్డు మీద వద్దని చెప్పాను. నాకు తెలీకుండా పరిగెత్తింది."

"తెలీకుండానా? జీతం దేనికి మీకు?"

రాజరత్నం ఏదో చెప్పబోయి, వీరబ్రహ్మం చొక్కాకంటిన నూగు వంక చూసి మింగేశాడు.

వీడేదో దాస్తున్నాడు.

పక్కనే బెంచీ మీద మెర్సీ. సత్యశ్రీ పడిపోయినప్పుడు పక్కనున్నది ఈ పిల్లే. సత్యశ్రీ లేకపోతే సెలక్షన్లకి వెళ్ళేదీ ఈ పిల్లే.

"నువ్వు తీసుకెళ్ళావా అమ్మాయ్?"

"నేనెందుకు తీసుకెళ్తాను బాబాయ్? చీకట్లో లారీలొస్తాయని తోడెళ్ళాను."

"అది పడిపోతే నీకే కదా లాభం!"

మెర్సీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకొద్దు బాబాయ్ ఆ లాభం! రెండు వారాల కిందటి దాకా మెత్తటి స్కూలు గ్రౌండులోనే పరిగెత్తాం. కర్ర పట్టుకుని గెంటేశారు. రోడ్డు తప్ప ఇంకేముంది?"

"ఎవడు గెంటింది?"

ఆ పిల్ల మాస్టారి వంక చూసింది. మాస్టారు నేల చూశాడు.

"పంచాయతీ ప్రెసిడెంటు మనిషా? అందరి నోళ్ళూ కుట్టేశాడా? చెప్పండి! వాడి కాళ్ళు విరగ్గొడతాను!"

మెర్సీ ఉలిక్కిపడి బెంచీ చివరికి జరిగింది.

"వాళ్ళనేమీ అనకు నాన్నా." తెరిచిన తలుపులోంచి సత్యశ్రీ గొంతు. "ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టేయించాను."

వీరబ్రహ్మం గుమ్మంలోకి వెళ్ళాడు. "వాణ్ణి వెనకేసుకొస్తావేంటే?"

"ఆ రోజు పైన మబ్బు పట్టింది కదా. గ్రౌండులో ఆరబోసిన వడ్లు తొక్కేస్తామని భయం. చీకట్లో మమ్మల్ని పోల్చుకోలేదు. కాళ్ళు విరగ్గొడతానని కర్రెత్తేసరికి పారిపోయాం."

వీరబ్రహ్మం చెయ్యి తలుపు రెక్కని పట్టుకుంది.

"ఎవరే?"

"నువ్వే నాన్నా."