బండి చప్పుడు

“ఇంజన్ బోరుకొచ్చింది తమ్ముడూ, లోపలంతా అరిగిపోయింది. దించాల్సిందే,” అన్నాడు మెకానిక్, జిడ్డు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. “ఆ చప్పుడు మొదలైనప్పుడే విప్పుదామన్నా. వింటేగా! రేపు, ఎల్లుండి అంటూ గడిపెయ్యడమే. సరే, షెడ్డుకి తెచ్చి పడెయ్. వారంలో కొత్త బండిలా చేసిస్తా.”

“ఇంటి దగ్గరే విప్పితే కుదరదా బాబాయ్?”

మెకానిక్ అతణ్ని ఎగాదిగా చూశాడు.

“ఇంజన్ విప్పడమంటే తలుపు బందులకి నూనె పెట్టడం అనుకున్నావా? ఇంజన్ పైకి లాగడానికి చైన్ పుల్లీ వేలాడదియ్యాలి. కింద దూరాలి. నాకు సాయం ఎవరు, నువ్వా? పదో నంబరు పానా అడిగితే పద్నాలుగు అందిస్తావు!”

నిజమే. అతనికి కారు నడపడం వచ్చు, అంతే. బానెట్ ఎత్తడం ఈమధ్యే నేర్చుకున్నాడు.

“బాగు చేశాక ఈ టకటక ఉంటుందా?” అని అడిగాడు.

“ఎందుకుంటుంది? అది పోవడానికేగా ఈ తంటా అంతా!”

“అదొక్కటీ ఉంచి మిగతాది చెయ్యలేవా?”

మెకానిక్ నవ్వబోయాడు. అంతలో కిటికీలోంచి మంచం మీద కూర్చున్న అతని తల్లి కనిపించింది. నవ్వు మింగేశాడు.

ఆమెకు చూపు పోయి చాలాకాలమైంది. ఇప్పుడు మతి కూడా ఒకచోట నిలవడం లేదు. కూతుర్ని ఒక్కోసారి ఆస్పత్రి నర్సనుకుని నర్సమ్మా అని పిలుస్తుంది. కానీ సాయంత్రం సందు మలుపులో ఆ టకటక వినపడితే చాలు, ముఖం విచ్చుకుంటుంది.

“పెద్దోడొచ్చాడు, కంచాలు పెట్టండే,” అని ఇల్లంతా వినపడేలా అరుస్తుంది. ఆ పూటకి ఆమె తినే నాలుగు ముద్దలూ ఆ చప్పుడు పెట్టినవే.

ఒకసారి బ్యాటరీ పడుకుంది. అతను బస్సులో వచ్చాడు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది.

“ఎవరండీ మీరు? మా పెద్దోడింకా రాలేదు. బండి చప్పుడు వినపడలేదుగా,” అంది. ఎంత బతిమాలినా ముద్ద ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

“పోనీ, ఇలాగే తిప్పితే?” అన్నాడు అతను మెకానిక్‌తో.

“ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద ఇంజన్ పట్టేస్తుంది. అప్పుడు చప్పుడూ ఉండదు, బండీ ఉండదు.”

లోపలికి వెళ్లి అక్కకి చెప్పాడు. అక్క తడిచేతులతోనే వంటింట్లోంచి వచ్చింది.

“షెడ్డుకే ఇచ్చెయ్‌రా. ఇంటి ముందు ఇనప సామానంతా పరిచి, బిగించాక గుప్పెడు మరలు మిగిలితే ఏం చేస్తావు?”

“షెడ్డుకిస్తే ఆ వారమంతా చప్పుడే ఉండదక్కా. ఆ తర్వాత వేరే చప్పుడుతో ఏదో బండి వస్తుంది. అది మన బండేనని చెబితే అమ్మ నమ్ముతుందా? ఇక్కడే విప్పితే పని మొదలైనప్పటి నుంచీ వింటూ ఉంటుంది. కొత్త చప్పుడు ఆమె పక్కనే మొదలవుతుంది.”

“పాడైపోతే?”

“భయంగానే ఉంది,” అన్నాడు అతను.

అక్క కళ్లు ఒత్తుకుంది. తర్వాత స్టూలు వేసుకుని, అటక మీది పానాల పెట్టె తనే దించింది. పెట్టెలో ప్రతి పానాకీ చేతిపట్టు దగ్గర పాత గుడ్డ శ్రద్ధగా చుట్టి ఉంది.

ఆదివారం మెకానిక్ వచ్చాడు. రేకుల కింది దూలానికి చైన్ పుల్లీ కట్టాడు. “ఇంజన్ బ్లాకు ఒక్కటీ లేత్ షాపుకి పోవాలి. మిగతా పనంతా ఇక్కడే,” అన్నాడు. షెడ్డు మూసుకుని వచ్చిన సంగతి మాత్రం చెప్పలేదు.

అమ్మ కుర్చీ తెచ్చి కారు పక్కనే వేశారు. మొదటి బోల్టు కిర్రుమనగానే ఆమె నిటారుగా కూర్చుంది.

“మా పెద్దోడి చేతిలో పడితే ఎంత మొండి ఇంజనైనా దారికి రావాల్సిందే! బళ్లో చదివే రోజుల్లోనే వాళ్ల నాన్న గడియారం విప్పి మళ్లీ బిగించాడు, తెలుసా?” అంది మెకానిక్‌తో.

“నాకు తెలీదా అమ్మా,” అన్నాడు మెకానిక్, తలెత్తకుండా.

అప్పటికే అతను ఒక బోల్టు తల అరగదీశాడు. బొటనవేలు చితక్కొట్టుకున్నాడు. అబ్బా అంటే అమ్మ వింటుందని పంటి బిగువున ఓర్చుకున్నాడు. తల్లుల గొప్పలకి కొడుకుల వేళ్లే బలి.

ఎండెక్కాక కాసేపు పని ఆపారు. అతను కారు కిందనుంచి వచ్చి, ఆమె కుర్చీకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఆమె చెయ్యి తడుముకుంటూ వచ్చి అతని తల మీద ఆగింది.

“చిన్నోడు ఫోన్ చేశాడా?”

“చేశాడమ్మా.”

“నన్ను అడిగాడా?”

“అడక్కుండా ఉంటాడా?”

“నువ్వు వాణ్ని వెనకేసుకురాకు. ఉద్యోగమని వెళ్లినవాడు ఒక్కసారైనా తొంగి చూశాడా? తల్లి అక్కర్లేదురా వాడికి.” అంతలో తనే మెత్తబడింది. “వాడికి చలెక్కువ. గదిలో మందం దుప్పటి వేసి ఉంచమన్నాను, వేశారా?”

“వేశామమ్మా.”

“నేను పోయేలోగా ఒక్కసారి రమ్మను. ఏమీ తేనక్కర్లేదు. వచ్చి ఇలా నా పక్కన కూర్చుంటే చాలు.”

“వస్తాడమ్మా,” అని, చనిపోయిన అన్నయ్య పానా చేతిలోకి తీసుకుని మళ్లీ కారు కిందికి దూరాడు చిన్నోడు.