వెళ్ళొస్తామన్నవాళ్ళు

రాత్రి పన్నెండుకి పాటల చాట్ రూమ్ మూసేస్తానని కంపెనీవాడు నోటీసు పెట్టాడు. జనం కాళ్ళు పట్టుకుంటారనుకున్నాడు కాబోలు, వెధవ! తెనాలివాళ్ళూ బాపట్లవాళ్ళూ ఆ రాత్రి గొంతులు చించుకుని మరీ పాడారు. రేపల్లెలో నెట్ సెంటర్ నడిపే భ్రమరాంబకి ఆ గొంతులే చుట్టాలు, ఇంకెవరూ లేరు.

"పోతున్నామనకండర్రా, అశుభం," అంది మైకులో.

"వెళ్ళొస్తాం పిన్నీ!" అన్నారంతా నవ్వుతూ.

పన్నెండయింది. రూమ్ మాయమైంది. ఆమె కళ్ళు తుడుచుకుని, ప్లగ్గులన్నీ పీకేసి, బయటికొచ్చి షట్టర్ సగం దించింది. చీకట్లో స్పీకర్ గరగరమంది.

"వచ్చేశాం పిన్నీ! పాడే వంతెవరిది?"

పీకిన ప్లగ్గు నేలమీదే ఉంది. ఆమెకి ఒళ్ళు జలదరించింది, నవ్వు మాత్రం ఆగలేదు. లోపలికొచ్చి షట్టర్ పూర్తిగా దించేసుకుంది.

"నాదేరా," అంది.