నరాయి సత్రంలో బాటసారి

నరాయి మజిలీలో పొద్దు వాలుతోంది. ఆ రోజు ఒక్క బాటసారీ దొరకలేదని, సత్రంలో పనిచేసే ఒసెన్ దారినపోయే ముసలాయన అంగీ చెయ్యి పట్టేసుకుంది.

"వదులమ్మా, పక్క మజిలీలో దిగుతాను."

"ఈ కాళ్ళతో కనుమ ఎక్కుతావా తాతా? దా, వేణ్ణీళ్ళు పెడతాను."

లాక్కొచ్చి కాళ్ళు కడిగింది. చారులో ఉప్పెక్కువన్నాడు. "అయితే ఇంకో గిన్నె అన్నం తిను" అని నవ్వుతూ వడ్డించింది. చలి అంటే తన దుప్పటి తెచ్చి కప్పింది.

తెల్లారి గడ్డిచెప్పులు కట్టుకుంటూ ముసలాయన అన్నాడు: "నేను బయల్దేరిందే ఈ సత్రానికి. ఊరికే లోపలికొచ్చేస్తే నీ ఓపిక ఎలా తెలుస్తుంది? రోజూ ఇటు గుర్రాలు తోలుకొచ్చే సహేయి మా అబ్బాయే. చేసుకుంటే నిన్నే చేసుకుంటానని కూర్చున్నాడు."

ఒసెన్ తల వంచుకుంది.

"ఆ మాట నాతో చెప్పడానికి మీవాడికి నోరు లేదా, మావయ్యా?"