నలభై ఏడో బిళ్ళ

అగరొత్తి ఇంకా సగం కూడా కాలలేదు, ముసలాయన గిన్నె ముందుకు లాక్కుని తినడం మొదలుపెట్టాడు.

"అయ్యయ్యో! తాతా, అది మా నాన్నను కాపాడి చచ్చిపోయినాయనకు పెట్టింది!"

బీ-లియాన్ గరిటెతో సహా వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

ముసలాయన తినడం ఆపలేదు.

"బావుంది. అల్లం ఇంకాస్త పడాల్సింది."

బీ-లియాన్ గరిటె నడుముకు ఆనించి ఆయన్ను ఎగాదిగా చూసింది.

కొండ మీది కిమ్‌ఖే గనిలో బంగారం అయిపోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పుడా ఊరు చేమదుంప ఉండలు అమ్ముకుని బతుకుతోంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, బంగారం ఉన్న రోజులకంటే సుఖంగానే బతుకుతోంది. తైపీ జనం బస్సులు దిగుతారు, పొగమంచులో ఫొటోలు తీసుకుంటారు, బీ-లియాన్ కొట్లో అల్లం పాకంలో వేసిన ఉండలు రెండేసి గిన్నెలు లాగించి పోతారు.

ఆ కొట్టు గోడకు గని నాటి పాత పలక ఒకటి ఉంది. దానికి వరసగా మేకులు, మేకులకు నంబర్లు వేసిన చెక్క బిళ్ళలు. ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు. గనిలోకి దిగేటప్పుడు నలుపు తిప్పాలి, బయటికొచ్చాక తెలుపు. గని మూసేసిన రోజున బీ-లియాన్ నాన్న థియాన్-సేంగ్ ఆ పలకను చెత్తలోంచి ఏరి తెచ్చుకున్నాడు.

బిళ్ళలన్నీ తెల్లగా ఉంటాయి, ఒక్క నలభై ఏడు తప్ప.

అరవై ఏళ్ళ కిందట సరిగ్గా ఇదే రోజున గని కప్పు కూలింది. రాళ్ళ కింద పడివున్న థియాన్-సేంగ్‌ను ఓ కూలీ చీకట్లో చేతులతో తవ్వి తీసి, భుజాన వేసుకొచ్చి బయట పడుకోబెట్టాడు. ఇంకెవరైనా మిగిలారేమోనని మళ్ళీ లోపలికి వెళ్ళాడు. కప్పు మళ్ళీ కూలింది. వచ్చి నెల కూడా కాని మనిషి. బిళ్ళ నంబరు తప్ప పేరు ఎవరికీ తెలియదు.

అప్పటి నుంచి ఏటా ఈ రోజున థియాన్-సేంగ్ ఓ వేడి గిన్నె పెట్టించి, అగరొత్తి వెలిగిస్తాడు. "ఒక్కసారి ఆయన చేతులు పట్టుకోలేకపోయానే" అని కళ్ళు తుడుచుకుంటాడు. ఎనభై రెండేళ్ళొచ్చినా ఆ దిగులు తీరలేదు.

ఆ గిన్నె కాస్తా ఈ పెద్దమనిషి ఖాళీ చేసేశాడు.

"ఆకలేస్తే అడగొచ్చుగా! వేరే గిన్నె ఇవ్వనా?"

"ఎదురుగా ఉంది, వేడిగా ఉంది. నాకే అనుకున్నా."

"మీ పేరేమన్నా రాసుందా దాని మీద?"

"పేరైతే లేదులే."

"ఏ ఊరు మీది?"

"సముద్రం వైపు. చేపల పడవల్లోనే బతుకంతా గడిచిపోయింది. మీ నాన్న బావున్నాడా?"

"మోకాళ్ళు తప్ప అంతా నిక్షేపం. మేడ మీద పడుకున్నాడు."

"పిల్లలెంతమంది ఆయనకి?"

"మేం నలుగురం. మనవలు తొమ్మిదిమంది."

ముసలాయన ముఖం వెలిగిపోయింది.

"అబ్బో! మంచి బేరమే."

ఏం బేరమో బీ-లియాన్‌కు అర్థం కాలేదు. ఆలోపే ఆయన చేతులు తుడుచుకుని లేచి, నలభై ఏడో బిళ్ళను తెల్లవైపుకు తిప్పేశాడు.

"ముట్టుకోకండి! ఆయన గనిలోనే పోయాడు!"

"బయటికొచ్చాడనుకో. నీదేం పోయింది?"

"మా నాన్న చూస్తే ఎంత బాధపడతాడో తెలుసా? మీకో దండం, ముందు బయల్దేరండి!"

"కోప్పడకమ్మాయ్, బస్సుకి వేళయింది. ఆయన్ని లేపకు, పడుకోనీ."

గొడుగు తీసుకుని, హాయిగా తేన్చుకుంటూ వెళ్ళిపోయాడు.

బిళ్ళ తిప్పుదామని బీ-లియాన్ చెయ్యెత్తేసరికి, వెనక మేడమెట్లు కిర్రుమన్నాయి. కర్ర పట్టుకుని నాన్న దిగుతున్నాడు.

"ఆగు! ముట్టుకోకు దాన్ని. ఎవరు తిప్పారు?"

"ఎవరో ముసలాయన నాన్నా. గిన్నె కూడా తినేశాడు. సముద్రం వైపు నుంచి వచ్చాట్ట."

థియాన్-సేంగ్ కర్ర పక్కన పెట్టి అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు.

"సముద్రం వైపు నీళ్ళు పోయే కంత ఒకటుండేది గనికి. మనిషి దూరతాడని ఎవరూ అనుకోలేదు. ఎలా ఉన్నాడు మనిషి?"

"బక్కగా ఉన్నాడు. నా భుజం దాకా వస్తాడంతే."

"కొండంత మనిషి అనుకున్నానే ఇన్నాళ్ళూ! పరుగెత్తవే, బస్సు ఆపు!"

సంగతేమిటో అడగకుండా, ఎసట్లో ఉండలు వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా బీ-లియాన్ పరుగెత్తింది. బస్సు అప్పటికే రెండో మలుపు దిగిపోతోంది.

రొప్పుతూ తిరిగొచ్చేసరికి, నాన్న ఖాళీ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు. రెండువేళ్ళతో అగరొత్తిని నలిపి ఆర్పేశాడు.

"వెళ్ళిపోయాడు నాన్నా. అల్లం చాల్లేదని కూడా అన్నాడు."

"వచ్చే ఏడు దండిగా వెయ్యి."

"ఇంతకీ ఎవరు నాన్నా ఆయన?"

థియాన్-సేంగ్ తెల్లటి బిళ్ళ వంక తృప్తిగా చూశాడు.

"నాకూ అరవై ఏళ్ళ నుంచీ దాన్ని తెల్లగా తిప్పాలనే ఉంది తల్లీ, కానీ మా గనిలో ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పుకోవాలి."