తుప్పు తిన్న అక్షరం

"నీళ్ళు పొయ్యకమ్మాయ్!"

ఆ కేకకి, మట్టి పట్టిన పాత బోర్డు రేకు మీద వంచబోతున్న వాటర్ బాటిల్ రమ్యశ్రీ చేతిలో ఆగిపోయింది.

కేక వేసింది డెబ్బయ్యేళ్ళ ఆవిడ. పక్కన కూర్చుని పాత ఇనప పెనాలు ఏరుకుంటోంది.

"తడి తగిలితే ఉన్న రంగు కూడా ఊడొస్తుంది. ఏమయ్యా వెంకన్నా, కాస్త కిరసనాయిలు ఇలా ఇయ్యి."

కొట్టు యజమాని వెంకన్న సీసా, గుడ్డ పట్టుకొచ్చాడు.

"పెనం కొనడానికొచ్చి నా కిరసనాయిలు అవగొడతారేంటండీ!"

"నీ పెనాలన్నీ కలిపినా ఒక్క అట్టు లేవదు. వెళ్ళు, నీ బేరం చూసుకో."

వెంకన్న నవ్వుకుంటూ అవతల బేరానికి వెళ్ళిపోయాడు.

రాజమండ్రిలో ఆదివారం పూట జరిగే పాత సామాన్ల సంత అది. రమ్యశ్రీ నిడదవోలు నుంచి పొద్దున్నే రైల్లో వచ్చింది. మూడు గంటలు తిరిగినా రెండో కొస కనపడలేదు. ఒకచోట నలభై గోడ గడియారాలు నలభై వేళలు చూపిస్తున్నాయి. ఒకచోట సింహద్వారం, గుమ్మంతో సహా, నిలబెట్టి ఉంది. దాని వెనక ఇల్లు లేదు. గ్రామఫోన్లు, పెట్రోమాక్స్ లైట్లు, రైసుమిల్లు బెల్టులు, సినిమా రీళ్ళ డబ్బాలు. గోదావరికి రెండు వైపులా ఉన్న ఇళ్ళల్లోంచి వందేళ్ళుగా బయటికి పోయిన వస్తువులన్నీ ఇక్కడ ఆగాయేమో అనిపించింది ఆమెకి.

ఆమె వెతికేది మాత్రం ఒక్క అక్షరం.

కంప్యూటర్ కోసం తెలుగు అక్షరాలు తయారుచెయ్యడం ఆమె పని. రెండేళ్ళుగా ఒకే పెయింటర్ రాసిన బోర్డుల వెంట తిరుగుతోంది. మిల్లుల మీద, సోడా కొట్ల మీద, లాంచీల మీద, ఎక్కడున్నా కింద మూల 'వీరబ్రహ్మం' అని ఉంటుంది. అన్ని అక్షరాలూ దొరికాయి. 'ఝ' దొరకలేదు. ఝాన్సీరాణి అనే లాంచీని విరగ్గొట్టి, ఆ సామాను ఈ సంతలో దించారని తెలిసి పరిగెత్తుకొచ్చింది.

కిరసనాయిలు గుడ్డతో రేకు తుడిచింది. మట్టి పోయింది. 'న్సీరాణి' బయటపడింది. మొదటి అక్షరం ఉండాల్సిన చోట తుప్పు.

రమ్యశ్రీ నేలమీద కూలబడింది.

"ఏమైందమ్మా?"

"ఝా పోయింది మామ్మగారూ. దానికోసమే వచ్చాను. ఇంకెక్కడా లేదు."

"నువ్వు రాసుకోలేవా?"

"నలభై సార్లు రాశాను. ఆయన రాసినట్టు రాదు. వీరబ్రహ్మం గారని..."

"మా ఆయనే."

రమ్యశ్రీ లేచి నిలబడింది.

"ఆయన ఉన్నారా?"

"పోయి తొమ్మిదేళ్ళయింది."

మళ్ళీ కూర్చుంది.

"కాగితాల మీద రాసినవేమైనా ఇంట్లో ఉన్నాయా?"

"కాగితం ఎందుకమ్మా? తిన్నగా రేకు మీదే."

"ఆయన చెయ్యి ఎంత గొప్పదో మీకు తెలుసా మామ్మగారూ?"

ఆవిడ చేతిలోని పెనం కింద పెట్టింది.

"అంత గొప్పా?"

"ఈ 'ణి' చూడండి. ఈ గుడి ఎక్కడా ఆగలేదు. మధ్యలో కుంచె ఎత్తలేదు. ఎక్కడ ఎంత మందం ఉండాలో అంతే ఉంది. నిడదవోలులో రాసిందీ, నరసాపురంలో రాసిందీ పక్కపక్కన పెట్టి కంప్యూటర్లో కొలిచాను. తేడా లేదు. మనిషి చెయ్యి అలా తిరుగుతుందంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు."

"ఇంకోసారి చెప్పు."

వినపడలేదేమో అనుకుని రమ్యశ్రీ గొంతు పెంచి మళ్ళీ మొత్తం చెప్పింది.

ఆవిడ చివరిదాకా విని, కొంగుతో మొహం తుడుచుకుంది. పాపం, ఆయన గుర్తొచ్చారు అనుకుంది రమ్యశ్రీ.

"నువ్వు రాసింది చూపించు."

ఫోన్లో చూపించింది.

"బాగుంది. కానీ భయపడుతూ రాశావు. ఇదిగో, ఇక్కడ మలుపులో ఊపిరి వదిలేశావు."

రమ్యశ్రీ మర్యాదకి నవ్వి, ఫోన్ మూసి, వెంకన్న దగ్గరికి వెళ్ళింది.

"ఆ లాంచీ బోర్డులు ఇంకేమైనా ఉన్నాయాండీ? వెనక వైపుదో, టాపు మీదదో?"

"వెనకాల రేకులున్నాయండి. చూద్దాం పదండి."

ఇద్దరూ టార్పాలిన్ వెనక ఉన్న రేకులన్నీ తిరగేశారు. పావుగంట పట్టింది. ఏదీ ఆ లాంచీది కాదు.

తిరిగొచ్చేసరికి పెనాల దగ్గర ఎవరూ లేరు. రేకు పక్కన గుడ్డ పడి ఉంది. దాని కొసని మెలిపెట్టి కుంచెలా చేశారు.

తుప్పు మీద 'ఝా' ఉంది.

కిరసనాయిలుతో రాసింది. తడిచోట తుప్పు నల్లబడి అక్షరం నిలిచింది. పక్కనున్న 'న్సీ' ఎంత ఎత్తో అంతే ఎత్తు. అదే మందం, అదే వాలు. ఎక్కడ మొదలైందో రమ్యశ్రీకి కనపడింది. ఎక్కడా ఆగలేదు.

ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. ఫొటో తియ్యాలని తోచలేదు. అలా చూస్తూ ఉండిపోయింది.

ఎండకి అక్షరం పైనుంచి ఆరుతోంది.

"మామ్మగారేరండీ?"

"పెనం తీసుకుని ఇందాకే వెళ్ళిపోయారంటండి, పక్క కొట్టాయన చెప్పాడు. బస్సు ఎక్కేసుంటారు."

"ఏ ఊరు?"

"ఇదివరకు ధవళేశ్వరంలో ఉండేవారండి. ఇల్లు మారిపోయారు. ఇప్పుడెక్కడో తెలీదు."

"పేరు?"

అడిగాక గానీ రమ్యశ్రీకి తట్టలేదు, ఇంతసేపూ ఆవిడ పేరు అడగలేదని.

వెంకన్న రేకు మీదకి వంగాడు. పైనున్న దీర్ఘం ఆరిపోయింది, కింది మెలిక ఒక్కటే తడిగా మిగిలింది.

"ఇరవయ్యేళ్ళప్పుడు ఈ లాంచీ మీద కళాసీగా చేశానండి నేను. ఈ రేకు వాళ్ళింటికి మోసుకెళ్ళింది నేనే. ఆడమనిషి రాసిందంటే లాంచీ ఓనర్లు ఒప్పుకోరని మూల ఆయన పేరు వేసేవారు గానీ, వీరబ్రహ్మం గారు రంగులు కలిపి ఇస్తే, కింద కూర్చుని రాసేది పెద్దింట్లమ్మ గారేనండి."