రేపటి ఇల్లు

"మెల్లగా అక్కా, గుమ్మానికి తగులుతుంది."

ఫ్రిజ్జును ఒక పక్క టైలరమ్మ, ఇంకో పక్క ఇస్త్రీ అక్క పట్టుకుని ఈ గుమ్మం దించి ఆ గుమ్మం ఎక్కిస్తున్నారు. రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒక్క గోడే అయినా ఇద్దరికీ చెమటలు కారిపోతున్నాయి. కుట్టుమిషను, టీవీ, ఇనుప మంచం అప్పటికే పక్కింటికి చేరాయి. మిగిలింది ఈ ఏనుగు ఒక్కటే.

"ఇంత సామాను ఉందని ఇన్నాళ్లూ తెలియనే లేదు. దొరసానివేనే నువ్వు," అంది ఇస్త్రీ అక్క ఆయాసపడుతూ.

"అన్నీ ఎవరో వాడి వదిలేసినవే అక్కా. కానీ వచ్చేవాళ్లు అవి అడగరు కదా. ఉన్నాయా లేవా అనే చూస్తారు."

చూడవలసిన ఆయన మధ్యాహ్నానికి వస్తున్నాడు. లేనివాళ్ల పిల్లలకు ప్రైవేటు స్కూల్లో ఫీజు కట్టే సంస్థ మనిషి ఆయన. పిల్ల పరీక్ష పాసైతే చాలదు. ఆయన ఇంటికొచ్చి నాలుగు మూలలూ చూసి, వీళ్లు నిజంగా లేనివాళ్లేనని నమ్మాలి. ఈరోజు టైలరమ్మ ఇల్లు, రేపు ఇస్త్రీ అక్క ఇల్లు అని కబురు వచ్చింది. అందుకే ఈ ఏర్పాటు. ఈరోజు ఈవిడ సామాను ఆవిడింట్లో, రేపు అన్నీ ఈవిడింట్లో.

చేస్తున్నది మోసమేనని ఇద్దరికీ తెలుసు. కానీ వీధి చివరి బడికి టీచరు చుట్టపుచూపుగా వచ్చి పోతుంటుంది. కుట్టీ కుట్టీ టైలరమ్మ కళ్లు మసకబారాయి. తన తర్వాత ఆ మిషను ముందు కూతురు కూర్చోకూడదు. ఆమెకున్న పట్టుదల అదొక్కటే.

ఆ కూతురు పరీక్ష గట్టెక్కిందంటే అదంతా ఇస్త్రీ అక్క కూతురి చలవే. ఆ పిల్లను వీధంతా పంతులమ్మ అని పిలుస్తుంది. ఇస్త్రీ బల్ల కింద కూర్చుని తను చదువుకుంటూనే, పక్కన ఈ పిల్లను కూర్చోబెట్టుకుని లెక్కలన్నీ నూరిపోసింది.

"లోపలి గదిలో పెట్టేద్దామా?" అడిగింది ఇస్త్రీ అక్క.

"వద్దక్కా. బావ పడుకున్నాడుగా, ఇరుకైపోతుంది పాపం. ఇక్కడే ముందు గదిలో ఉండనీ."

"నా బల్లకు చోటెక్కడే?"

"ఒక్క పూటేగా, సర్దుకో." టైలరమ్మ వంగి ప్లగ్గు పెట్టింది. ఫ్రిజ్జు గుర్రుమంది. "ఉట్టినే ఎందుకుండాలి? బావకు చల్లటి నీళ్లివ్వు."

మంచాన పడ్డ భర్తను అంతగా తలుచుకున్నవాళ్లు ఈమధ్య ఎవరూ లేరు. ఇస్త్రీ అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎంత మంచిదానివే," అంది. టైలరమ్మ అటు తిరిగి వైరు సర్దింది.

తర్వాత ఇస్త్రీ అక్క తన చిరిగిన చాప తెచ్చి, టైలరమ్మ గదిలో మిషను కాళ్ల గుర్తులు కనబడకుండా పరిచింది. "నీ ఇంటికి ఈ అందం ఒక్కటీ తక్కువైంది," అని నవ్వి, అక్కడున్న కొత్త చాప చుట్టి చంకలో పెట్టుకుంది.

"సారుకు ఫోన్ చేశావా?"

"పొద్దున్నే చేశా. దారి చెప్పా."

"నా సంగతేమైనా అన్నాడా?"

"నీ సంగతి ఎందుకంటారక్కా? నీది రేపు కదా."

"ఇద్దరికీ ఇస్తారంటావా?"

"ఇవ్వక ఏం చేస్తారు," అంది టైలరమ్మ చాప అంచు సరిచేస్తూ.

సారు రానే వచ్చాడు. ఎండకు వాడిపోయిన మనిషి, కసురుకునే రకం కాదు. చిరుగు చాప మీదే కూర్చున్నాడు. ఏం పని చేస్తారని అడిగాడు. వేరేవాళ్ల కొట్లో బట్టలు కుడతానంది టైలరమ్మ. ఖాళీ గోడలు చూసి తల పంకించాడు.

"ఈ వీధికి ఈ ఏడు ఒక్క పిల్లకే ఇస్తున్నాం. తెలుసు కదమ్మా?"

"తెలుసు సార్. స్కూలు ఆఫీసులో చెప్పారు."

"సరే. పక్కిల్లు కూడా ఇప్పుడే చూసేస్తాను," అంటూ లేచాడు ఆయన.

 టైలరమ్మ ఆయన వెనకే పక్కింటి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది.

ఇస్త్రీ అక్క ఇంటి తలుపు తీసి ఉంది. గదిలో కాలు పెట్టే చోటు లేదు. సారు ఫ్రిజ్జును చూశాడు. టీవీని, మిషనును, మంచాన్ని చూశాడు. ఆయన మొహం మారిపోయింది.

"ఇవన్నీ మీవేనా?"

 ఇస్త్రీ అక్క ఆయన భుజం మీదుగా టైలరమ్మ వైపు చూసింది. కాదంటే ఎవరివో చెప్పాలి. చెబితే టైలరమ్మ కూతురి నోట్లోనూ మట్టే. బల్ల కింద నుంచి పంతులమ్మ తలెత్తి, "అమ్మా, అవి..." అనబోయింది. తల్లి చటుక్కున ఆ పిల్ల నోరు మూసింది.

"మావే సార్."

ఆయన గుమ్మం దిగి బండెక్కాడు. బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఎవరూ కదలలేదు. అప్పుడు టైలరమ్మ గోడకు ఆనుకుని కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. దొంగ ఏడుపు కాదది. ఇస్త్రీ అక్క వచ్చి పక్కన కూర్చుని ఆమె తల నిమిరింది.

"ఊరుకోవే. నీ పిల్లకైనా వస్తుంది, అది చాలు. ఆయన ఇలా ముందే ఊడిపడతాడని నువ్వు మాత్రం కలగన్నావా?"

రెండిళ్లూ ఈరోజే చూసి వెళ్లమని పొద్దున ఫోన్‌లో చెప్పింది టైలరమ్మే.